భక్తుడు విరిగిపోయే కథను పిల్లలు చదవవచ్చునా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. బరంపురంలో ప్లస్ టూ చదువుతున్నాడు. మొన్న సెలవులకు ఇంటికి వస్తూ 'డేర్‌డెవిల్: బోర్న్ అగైన్' అనే ఇంగ్లీషు బొమ్మల నవల తెచ్చుకున్నాడు. నేను తిరగేసిన పుటల్లో, దైవభక్తి గల నాయకుడు సర్వం పోగొట్టుకుని మతి చెడి వీధుల్లో తిరుగుతున్నాడు. మా మామగారు ఇప్పటికీ హరిశ్చంద్ర పద్యాలు పాడతారు. ఆ పద్యాలు వింటూ పెరిగిన పిల్లవాడికి ఈ పుస్తకం వల్ల దేవుడి మీద నమ్మకం సడలుతుందేమోనని నా భయం. పైగా ఇది మతప్రచారమేమో అన్న అనుమానమూ ఉంది. చదవనివ్వవచ్చునా?
– ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: చదవనివ్వండమ్మా. వీలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి. పది, పన్నెండేళ్ల పిల్లల చేతికి మాత్రం నేను ఇవ్వను. ఇందులో మత్తుమందు వ్యసనమూ, క్రూరమైన హింసా ఉన్నాయి. పదహారేళ్ల కుర్రవాడికి ఇది తగిన పుస్తకమే.

ఈ కథ 1986లో మార్వెల్ సంస్థ ప్రచురించే డేర్‌డెవిల్ మాసపత్రికలో 227 నుంచి 233 వరకు ఏడు సంచికల్లో వచ్చింది. రచన ఫ్రాంక్ మిల్లర్‌ది, బొమ్మలు డేవిడ్ మాజుకెల్లివి. నాయకుడు మ్యాట్ మర్డాక్ న్యూయార్క్‌లో న్యాయవాది, కేథలిక్కు; ముసుగు వేసుకుని డేర్‌డెవిల్ పేరుతో నేరస్థులతో పోరాడేదీ అతడే. చిన్నప్పుడే చూపు పోయింది, కానీ మిగిలిన ఇంద్రియాలు ఎంత పదునెక్కాయంటే ఎదుటి మనిషి గుండె చప్పుడును బట్టి అబద్ధాన్ని పసిగట్టగలడు. ఒకప్పుడు అతన్ని ప్రేమించిన కేరన్, మత్తుమందుకు బానిసై, ఒక్క మోతాదు కోసం అతని ముసుగు వెనుక రహస్యాన్ని అమ్మేస్తుంది. అది చేతులు మారి నేరసామ్రాజ్యానికి అధిపతి అయిన కింగ్‌పిన్‌కు చేరుతుంది. అతడు తుపాకి పట్టుకుని రాడు. బ్యాంకు ఖాతాను నిలిపివేయిస్తాడు, దొంగ సాక్ష్యం చెప్పించి వకాల్తా హక్కు ఊడగొట్టిస్తాడు, చివరికి ఇంటిని పేల్చివేయిస్తాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఈ కాగితాల మీద జరిగే విధ్వంసమే, ఎందుకంటే అది ఎవరి ఇంట్లోనైనా జరగగలదు.

హరిశ్చంద్రుడితో పోల్చారు కనుక అక్కడి నుంచే మాట్లాడుకుందాం. కాటి సీను గుర్తు తెచ్చుకోండి. పాము కరిచి చనిపోయిన బిడ్డను మోసుకొచ్చిన చంద్రమతిని అతడు కాటి సుంకం అడుగుతాడు. భర్తకు తప్ప ఇతరులకు కనిపించని ఆమె మంగళసూత్రం అతని కంటపడుతుంది. ఆమె తన భార్య అని తెలిసిన తరువాత కూడా సుంకం మాట మార్చడు. అతడు ఎక్కడా విరగడు. చివర దేవతలు ప్రత్యక్షమవుతారు, లోహితుడు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది. మ్యాట్ అలా కాదు, విరిగిపోతాడు. ఎవరిని చూసినా శత్రువే అనుకుంటాడు, ఎదురుపడిన వాళ్లను కొడతాడు. చివర ఏ దేవుడూ వచ్చి పోయినవన్నీ తిరిగి ఇవ్వడు, పోయిన వకాల్తా తిరిగి రాదు. అయినా తనను అమ్మేసిన కేరన్ తిరిగి వచ్చినప్పుడు ఆమెను దగ్గరకు తీసుకుని, తాను పోగొట్టుకున్నది ఏమీ లేదంటాడు. నమ్మకం సడలుతుందని మీరు భయపడ్డారు. నాకైతే ఆ మాట చదివినప్పుడు హరిశ్చంద్రుడి మాటకు ఉన్నంత బరువు కనిపించింది.

విరిగిపోవడం భక్తికి విరోధమని మన వాళ్లూ అనుకోలేదు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తిన్న రామదాసు రాముణ్ణి ఎంత మాట అన్నాడో మీకు తెలుసు. అలా నిలదీసినవాణ్ణి మనం భక్త రామదాసు అనే పిలుచుకుంటున్నాము.

మతప్రచారం సంగతి. పుస్తకం నిండా క్రైస్తవ పదాలు ఉన్న మాట నిజం. రెండవ అధ్యాయం పేరు 'పర్గెటరీ'; స్వర్గానికి చేరేముందు ఆత్మలు శుద్ధి పొందే ఆ చోటును తెలుగు కేథలిక్కులు 'ఉత్తరించు స్థలం' అంటారు. 'బోర్న్ అగైన్' అంటే మనం చెప్పుకునే పునర్జన్మ కాదు; ఈ జన్మలోనే మనిషి కొత్తగా జన్మించడమని యోహాను సువార్తలో ఉన్న మాట. అయితే ఫలానా మతంలో చేరమని పుస్తకం ఎక్కడా చెప్పదు.

మీరు తప్పక చూడవలసిన ఘట్టం ఒకటి ఉంది. కత్తిపోటు గాయంతో, జ్వరంతో పడి ఉన్న మ్యాట్‌ను మ్యాగీ అనే కన్యాస్త్రీ ఆశ్రమంలో సేవ చేసి బతికిస్తుంది. నువ్వు నా తల్లివా అని అతడు అడుగుతాడు. కాదంటుంది. అతనికి ఆమె గుండె చప్పుడు వినిపిస్తుంది, అది అబద్ధమని తెలిసిపోతుంది. సత్యం కోసం ఆలుబిడ్డలను అమ్ముకున్న రాజు కథ మీ ఇంట్లో రోజూ వినిపిస్తుంది కదా. ఇక్కడ దేవుడికి అంకితమైన మనిషి, కన్న కొడుకుతో, అతన్ని కాపాడుతూనే అబద్ధమాడుతున్నది. అతడు ఆమెను ఎందుకు నిలదీయలేదో మీ అబ్బాయిని అడగండి. మీ మామగారినీ అడగండి. ఆ ఇద్దరూ ఒకే జవాబు చెబుతారని నేను అనుకోను.

ప్రశ్న: ఇదే పేరుతో 2025లో వచ్చిన సిరీస్ చూశాను. పుస్తకం మళ్లీ చదవవలసిన అవసరం ఉన్నదా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: ఉన్నది. 2025 నాటి సిరీస్ పుస్తకం నుంచి పేరు తీసుకున్నదే గాని కథను తీసుకోలేదు. కన్యాస్త్రీ అయిన తల్లి, అన్నీ పోగొట్టుకున్న నాయకుడు అనే అంశాలు 2018లో వచ్చిన పాత సిరీస్ మూడవ సీజన్‌లో కొంతవరకు కనిపిస్తాయి.

పుస్తకంలో మాత్రమే దొరికేది మాజుకెల్లి గీత. మొదటి నాలుగు అధ్యాయాల్లోనూ అధ్యాయం పేరు ఉన్న పుటలో మ్యాట్ పడుకుని ఉన్న బొమ్మే కనిపిస్తుంది. మొదట సొంత ఇంట్లో మెత్తని పరుపు మీద ఉంటాడు. తరువాత చవక హోటలు గదిలో, కడుపులోని బిడ్డలా ముడుచుకుని ఉంటాడు. ఆ తరువాత వీధిలో, చెత్త మధ్య. నాలుగవ దానిలో ఆశ్రమంలోని రోగుల మంచం మీద. మాటలు చదవకముందే అతడు ఎంత లోతుకు జారాడో, ఎక్కడ ఆగాడో ఆ నాలుగు పుటలు చెబుతాయి. కథ మొత్తం ఒకసారి చదివిన తరువాత వెనక్కి వెళ్లి వాటిని మాత్రం వరుసగా చూడండి.