పాఠకుల సందేహాలు: కంతు లెక్క, గల్లా లెక్క

ప్ర: గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఉన్న గాజుల, బొమ్మల, ఫ్యాన్సీ దుకాణాల ఆదాయం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. నెల అమ్మకాలు అడిగి, కొనుగోళ్లూ ఖర్చులూ తీసేస్తే సగం దుకాణాలు నష్టంలో ఉన్నట్టు తేలుతోంది. చూస్తే అవి ఏళ్ల తరబడి నడుస్తున్నవే. ప్రశ్నలు తప్పా? 60 దుకాణాలు సరిపోతాయా?
– ఎం.బి.ఏ. విద్యార్థిని, తిరుపతి

జ: దుకాణాలు బాగానే ఉన్నాయి. తీసివేతే తప్పు. బ్రహ్మోత్సవాలకు ముందు నెల ఒక దుకాణదారు 3,00,000 రూపాయల సరుకు దించుకున్నాడనుకోండి. ఆ నెల అమ్మకం 90,000. మీ లెక్కన 2,10,000 నష్టం. మరుసటి నెల సరుకు దాదాపు కొనడు, అమ్మకం మాత్రం మూడింతలు. అప్పుడు కళ్లు తిరిగే లాభం. రెండూ అబద్ధాలే.

శ్రీలంకలో చిన్న వ్యాపారులతో చేసి 2009లో వెలువరించిన పరిశోధన ఒకటి సరిగ్గా ఈ చిక్కునే పరీక్షించింది. వ్యాపారులు అమ్మకాలను దాదాపు 30 శాతం తగ్గించి చెబుతున్నారనీ, వివరంగా జమాఖర్చులు అడిగి తీసివేయడం కంటే లాభం ఎంతని సూటిగా ఒకే ప్రశ్న అడిగితేనే నిజానికి దగ్గరగా వస్తోందనీ అందులో తేలింది. కాబట్టి ఇలా అడగండి: ‘పోయిన నెల సరుకు, అద్దె, కరెంటు, పనివాళ్ల జీతాలు అన్నీ పోను మీకు మిగిలిందెంత? ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీసుకున్నది కూడా మిగిలిన దాంట్లోనే కలిపి చెప్పండి.’ ఈ రెండో వాక్యం వదిలేస్తే చాలామంది ఇంటి ఖర్చు పోను మిగిలిందే చెబుతారు. అదే ‘ఏం మిగల్లేదమ్మా’ అనే జవాబు.

మీ గైడు తీసివేత పద్ధతే కావాలంటే సరుకు నిల్వ కూడా అడగాలి, అదీ కొన్న ధరకు. నెల మొదట్లో 40,000 సరుకు, కొన్నది 3,00,000, నెలాఖరుకు మిగిలింది 2,75,000 అయితే అమ్ముడైన సరుకు ఖరీదు 65,000 మాత్రమే. అమ్మకం 90,000 లోంచి అది తీసేస్తే 25,000. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం కలిపి 12,000 పోతే మిగులు 13,000. ఇందాకటి రెండు లక్షల పైచిలుకు నష్టం ఇదే!

అడిగే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. కొనేవాళ్లు నిలబడి ఉండగా ఎవరూ నిజం చెప్పరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి. మొదటి ప్రశ్నే అమ్మకం గురించి అయితే జి.ఎస్.టి. వాళ్లేమో అనుకుంటారు. ఎన్నేళ్లుగా ఉన్నారు, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ నెల రద్దీ అన్నవి ముందు అడగండి. జవాబుల కాగితం మీద దుకాణం పేరు, ఫోన్ నంబరు రాయొద్దు. ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్య ఎవరిదన్నది వేరే పుస్తకంలో ఉంచుకోండి. ఆ పని వాళ్ల కళ్ల ముందే చేస్తే నోరు కాస్త తెరుచుకుంటుంది.

తిరుపతికే ప్రత్యేకమైన ఉచ్చు ఇంకోటుంది. బ్రహ్మోత్సవాల నెలలో అడిగిన దుకాణాన్ని మందకొడి నెలలో అడిగిన దుకాణంతో పోల్చకూడదన్నది అందరికీ తెలుసు. ఏడాదికీ ఏడాదికీ పోల్చేటప్పుడే జారిపోతారు. అధికమాసం వచ్చిన ఏడు తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి, 2023లో జరిగినట్టు. ఆ ఏటి అమ్మకాలను ముందూ వెనకా ఏళ్లతో పోల్చి ‘వృద్ధి’ అని రాస్తే అది పంచాంగం వృద్ధి, వ్యాపారానిది కాదు.

ఇక 60 సంగతి. చిన్న దుకాణాల లాభాల్లో హెచ్చుతగ్గులు విపరీతం. ప్రామాణిక విచలనం (దుకాణాల లాభాలు సగటు నుంచి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగటుతో సమానంగా ఉండటం మామూలే. అలాంటప్పుడు 60 దుకాణాల సగటు 20,000 అని వస్తే, అసలు సగటు 15,000 నుంచి 25,000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు గుంపులను పోల్చాలంటే ఉజ్జాయింపు సూత్రం ఇది: విచలనాన్ని మీరు పట్టుకోదలచిన తేడాతో భాగించి, వర్గం చేసి, 16తో గుణించండి. 50 శాతం తేడా పట్టాలంటే గుంపుకు 64 దుకాణాలు చాలు. 20 శాతం తేడా పట్టాలంటే గుంపుకు 400 కావాలి. మీ వల్ల అయ్యే పని కాదు కనుక పోలికలు మానేసి, అవే 60 దుకాణాలకు నెలకోసారి చొప్పున నాలుగైదు సార్లు వెళ్లండి. సగటుతో పాటు మధ్యగతం (లాభాలను వరుసగా పేర్చితే సరిగ్గా నడిమిన వచ్చే అంకె) కూడా ఇవ్వండి. ఒక్క పెద్ద దుకాణం సగటును ఎటు లాగిందో అందులో కనపడిపోతుంది.

ప్ర: బస్టాండు దగ్గర పూలు అమ్ముతాను. రోజు కంతు ఫైనాన్స్‌లో 10,000 రాసుకుని 8,500 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. 15 శాతం వడ్డీయే కదా అని నాలుగేళ్లుగా తీసుకుంటున్నాను. అప్పు మాత్రం తీరడం లేదు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జ: అమ్మా, అది 15 శాతం కాదు. మీ చేతికి వచ్చింది 8,500. అది కూడా నూరు రోజులూ మీ దగ్గర ఉండదు, రోజూ కొంత వెనక్కి పోతూ ఉంటుంది. సగటు తీస్తే ఆ నూరు రోజుల్లో మీరు నిజంగా వాడుకున్నది 4,500 దగ్గర. దానికి 1,500 వడ్డీ. మన వాడుక లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. ఏడాదికి 120 శాతం.

‘ఎవరైనా ఒక్కసారి ఈ అప్పు తీర్చేస్తే గట్టెక్కుతాను’ అనిపిస్తుంది కానీ, అనుభవం వేరేలా ఉంది. చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ సంత వ్యాపారుల వడ్డీ అప్పులను పరిశోధకులే పూర్తిగా తీర్చేసి చూశారు. ఎక్కువమంది ఆరు వారాల్లోపే మళ్లీ అప్పులోకి వెళ్లారు. వాళ్లు సోమరులనో దుబారా మనుషులనో అనుకోవద్దు. ఒక వాన రోజు పూలు వాడిపోయినా, బడి ఫీజు పడినా మర్నాటి పెట్టుబడే ఖర్చయిపోతుంది. తెల్లారి సరుకుకు డబ్బుండదు. అందుకని అప్పు కంటే ముందు చూడాల్సింది ఆ తెల్లవారి పెట్టుబడిని. మీరు రోజూ 1,500 రూపాయల పూలు కొంటారనుకుంటే, రోజుకు 30 పక్కన పెడితే 50 రోజుల్లో ఒక రోజు సరుకు మీ సొంతం. దాన్ని ఇంట్లో డబ్బాలో ఉంచొద్దు, వేరే ఖాతాలో వేయండి.

ఇప్పుడు నడుస్తున్న కంతును వేరే అప్పు తెచ్చి ముందే మూసేయాలని తొందరపడకండి. వడ్డీ మొదటి రోజే కోసేసుకున్నారు. ముందే కట్టేస్తే అందులో కొంత వెనక్కిస్తారా అని అడగండి. ఇవ్వం అంటే గడువు ప్రకారమే కట్టేయండి. తప్పు జరిగేదంతా 70వ రోజునో 80వ రోజునో, ‘పాతది మినహాయించుకుని కొత్తది రాస్తాం’ అన్నప్పుడు. అప్పుడు మిగిలిన బాకీకి మళ్లీ వడ్డీ కోయించుకున్నట్టే. అక్కడ వద్దనాలి.

ఆ లోపు వీధి వ్యాపారులకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పి.ఎం. స్వనిధికి దరఖాస్తు పెట్టండి. 2020లో మొదలైన ఈ పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించారు. మొదటి విడత 15,000, అది తీరితే 25,000, ఆపైన 50,000. హామీ అక్కర్లేదు. నగరపాలక సంస్థ ఇచ్చే వీధి వ్యాపారి ధ్రువపత్రం గానీ సిఫారసు లేఖ గానీ, ఫోన్ నంబరు కలిపిన ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఆధార్‌కు పాత నంబరు ఉండిపోయిన చోటే, ముందు అది సరిచేయించుకోండి. 12 శాతం వడ్డీ అనుకున్నా 15,000కు 12 నెలలు నెలకు 1,333 పడుతుంది, అంటే రోజుకు 45 లోపే. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలో పడుతుంది. రెండు అప్పులూ ఒకేసారి నడపొద్దు.

ప్ర: మాది చిత్తూరులో లేత్ షాపు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పల్పర్ షాఫ్టులు, బుష్‌లు చేసిస్తాం. జూన్‌లో ఇచ్చిన పనికి డిసెంబరు దాకా డబ్బు రాదు. 45 రోజుల చట్టం ఉందంటారు. వాడితే పని పోతుందని భయం.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జ: ఫ్యాక్టరీ ఎందుకు లాగుతుందో ముందు చూడండి. తోతాపురి కాయ వచ్చేది ఏడెనిమిది వారాలు. గుజ్జు అమ్ముడయ్యేది ఏడాది పొడుగునా. ఆ రెండు నెలల్లో పెట్టిన డబ్బంతా డ్రమ్ముల్లో ఉంటుంది. బ్యాంకు పరిమితి కాయకే చాలదు. ఆ లోటును రైతూ మీరూ వడ్డీ లేకుండా పూడుస్తున్నారు.

2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ‘90 రోజులు’ అని రాయించుకున్నా 45 దాటితే చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం. 2,00,000 బిల్లుకు ఆరు నెలల ఆలస్యానికి 18,689 రూపాయలు. ఇది సూక్ష్మ, చిన్న తరగతుల తయారీదారులకూ సేవలందించేవారికీ మాత్రమే. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబరు (ఈ సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు సంఖ్య) ఉన్నా వర్తించదు.

ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. సరుకు ఇచ్చాక తీసుకున్న నంబరు పాత బిల్లులకు పనికొస్తుందా అన్నది కోర్టుల దాకా వెళ్లిన తగాదా, కనుక వచ్చే సీజను కోసం కాచుకోకుండా ఇప్పుడే చేయించండి. ఆ నంబరు ప్రతి బిల్లు మీద అచ్చు వేయించండి. చలానా మీద తేదీ, సంతకం, స్టోర్ ముద్ర తప్పనిసరి. అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఫ్యాక్టరీ దాన్ని ఒప్పుకున్నట్టే. ఇలాంటి కేసులు వీగిపోయేది ఆ సంతకం లేకే.

పని పోతుందన్న భయం నిజమే, అందుకే ఈ బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లడం చివరి మెట్టుగా ఉంచండి. అంతకంటే మెత్తని ఆయుధం మార్చి నెల. ఆదాయపు పన్ను లెక్కలో 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటి బాకీ పెట్టిన బిల్లును కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. మార్చి మొదటి వారంలో బాకీల పట్టికను మీ ఉద్యమ్ నంబరుతో వాళ్ల అకౌంటెంటుకు పంపండి. యజమానికి కాదు, అకౌంటెంటుకే. కొనే సంస్థ టర్నోవరు 250 కోట్లు దాటినదైతే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికలో నమోదు కావాల్సిందే. అక్కడ వాళ్లు బిల్లు ఒప్పుకుంటే బ్యాంకులు వేలంలో పాడి, కొంత తగ్గించి మీకు వెంటనే డబ్బిస్తాయి.

చట్టం ఊసే ఎత్తకుండా చేయగలిగింది ఒకటుంది. షాఫ్టు బిల్లులో ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డుదే. రాడ్డు వాళ్లనే కొనివ్వమనండి, కూలి బిల్లు మాత్రం మీరు వేయండి. ఆరు నెలలు ఆగినా అప్పుడు ఆగేది మీ కూలి, తెచ్చిన అప్పు కాదు.

ప్ర: వ్యాపార నిర్వహణపై శిక్షణ తరగతులకు వెళితే లాభం పెరుగుతుందా? మాది చిన్న బేకరీ.
– ఒక పాఠకుడు, పలమనేరు

జ: ఏం నేర్పుతారన్న దాన్ని బట్టి. టోగో దేశంలో 1,500 చిన్న వ్యాపారాలతో చేసిన ప్రయోగ ఫలితాలు 2017లో వచ్చాయి. పుస్తకాల లెక్కలు నేర్పే మామూలు శిక్షణతో లాభం 11 శాతం పెరిగినట్టు కనిపించినా అది కాకతాళీయం కావచ్చు. చొరవ చేయడం, ముందే ప్రణాళిక వేసుకోవడం, కొత్త సరుకు ప్రయత్నించడం నేర్పిన శిక్షణలో 30 శాతం పెరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకో సంగతి తేలింది: పూర్తి అకౌంటింగ్ పాఠం కంటే ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ వేరుగా ఉంచే సులువైన సూత్రాలే బాగా పనిచేశాయి.

తరగతి దొరికేలోపు గల్లా పక్కనున్న క్యూఆర్ స్టిక్కరు చూడండి. అది మీ సొంత సేవింగ్స్ ఖాతాదైతే, కేకు డబ్బూ ఇంటి గ్యాసు డబ్బూ ఒకే చోట కలిసిపోతున్నాయి. బేకరీ పేర కరెంటు ఖాతా తెరిచి స్టిక్కరు మార్పించండి. ప్రతి సోమవారం మీ జీతంగా ఒక స్థిర మొత్తం దాంట్లోంచి ఇంటి ఖాతాకు పంపుకోండి. ఇంట్లోకి పట్టుకెళ్లే బ్రెడ్డు, బన్ను కూడా చీటీ మీద రాయండి.