సమాధానం: మైక్రోఅరే నార్మల్, కిడ్నీలు మాత్రం పెద్దవి. ఎక్సోమ్ అవసరమా?

20వ వారం టిఫా స్కాన్‌లో బిడ్డ రెండు కిడ్నీలూ పెద్దగా, తెల్లగా కనిపించాయి, ఉమ్మనీటి మైక్రోఅరే నార్మల్, ఇక ఎక్సోమ్ (జీన్లలోని ముఖ్య భాగాల్ని అక్షరం అక్షరం చదివే పరీక్ష) ఎందుకని అడిగారు. చేయించండి. మైక్రోఅరే క్రోమోజోముల్లో పోయిన, ఎక్కువైన ముక్కల్నే పట్టుకుంటుంది. జీన్‌లో ఒక్క అక్షరం మారితే దానికి కనబడదు. పైగా మీది మేనరికం అన్నారు. కిడ్నీల్లో తిత్తుల జబ్బు తెచ్చే పీకేహెచ్‌డీ1 లాంటి జీన్‌లో లోపం మీ ఇద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే రిస్కు 25 శాతం.

బిడ్డ శాంపిల్ ఒక్కటే వద్దు, ట్రయో (బిడ్డ, తల్లి, తండ్రి ముగ్గురి శాంపిళ్ళూ కలిపి చూసేది) అడగండి. మీ ఇద్దరి రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబుల్లో వెళ్ళాలి. లేకుంటే దొరికిన మార్పు ఎవరి నుంచి వచ్చిందో తేలక రిపోర్టు సగంలో ఆగుతుంది. పాత ల్యాబులో డీఎన్‌ఏ మిగిలిందేమో ముందు కనుక్కోండి, ఉమ్మనీటి కోసం రెండోసారి సూది తప్పొచ్చు. మళ్ళీ తీయాల్సి వస్తే 15-20 ఎం.ఎల్.; మొదటి 1-2 ఎం.ఎల్. విడిగా పెట్టాలి, తల్లి కణాలు చేరేది ఎక్కువగా అందులోనే. శాంపిల్‌లో తల్లి కణాలు కలిశాయేమో చూసే ఆ కల్తీ పరీక్ష చేశారా అని కచ్చితంగా అడగండి.

ఫారంలో 'కిడ్నీ సమస్య' అని ముక్తసరిగా రాస్తే దండగ. కిడ్నీ కొలతలు, ఉమ్మనీరు, మేనరికం అన్నీ రాయించండి.

అసలు చిక్కు టైముతోనే. రిపోర్టుకి వారాలు పడుతుంది. 24 వారాలు దాటితే అబార్షన్ మాట మెడికల్ బోర్డు దాకా వెళ్తుంది. ఈ వారమే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి మెడికల్ జెనెటిక్స్‌లో చూపించండి. ఎక్సోమ్ నార్మల్ వచ్చినా స్కాన్లు మానొద్దు.