జపాన్‌లోని పాత రహదారి నకసెందోలో ఒకరోజు నడకకు గైడ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ఆ దారిలోని పాత మజిలీ ఊళ్లయిన మాగోమే నుంచి త్సుమాగో వరకు మీరే నడవొచ్చు. దారి చీలే చోట్ల జపనీస్‌తో పాటు ఇంగ్లిష్ బోర్డులూ ఉంటాయి. సుమారు 8 కిలోమీటర్లు, మూడు గంటల నడక. మాగోమే ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ మొదలుపెడితే ఎక్కాల్సింది తక్కువ. ఎలుగుబంట్లను దూరంగా ఉంచడానికి దారి పొడవునా గంటలు కట్టి ఉంటాయి, మొహమాటపడకుండా మోగించండి.

గైడ్ ఉంటే తెలిసేది దారి కాదు, చరిత్ర. ఉదాహరణకు, త్సుమాగోలోని ‘హోంజిన్’ మామూలు సత్రం కాదు, ‘ఎదో’ యుగంలో (1603–1868) ప్రభువులు బస చేసిన విడిది.

నకసెందో మొత్తం ఒక్కరోజులో అయిపోతుందని చాలామంది పొరపాటు పడతారు. ఎదో (నేటి టోక్యో) నుంచి క్యోటో దాకా అది దాదాపు 530 కిలోమీటర్లు, మజిలీలు 69. ఈ నడక 43వ మజిలీ నుంచి 42వ దానికి మాత్రమే.