టవర్లను తిట్టే ముందు మా చెలక సంగతి వినండి

"చిన్నప్పుడు పొలాల్లో కనిపించిన పిట్టలు ఇప్పుడు ఎందుకు కనిపించడం లేదు? సెల్ టవర్ల వల్లేనా?" అని అడిగారు.

టవర్ల వల్ల కాదు. ఇంగ్లండులో పొలాల పిట్టలు 1970ల నుంచే తగ్గడం మొదలైంది. అప్పుడు సెల్‌ఫోన్ ఎక్కడిది? మా ఊళ్లో టవర్ పక్కనున్న కరెంటు తీగ మీద మొన్న సంక్రాంతికి కూడా పాలపిట్టను చూశాను, దర్జాగా కూర్చుంది. టవర్‌ను తిట్టడంలో ఒక సుఖం ఉంది. అది మనది కాదు, కంపెనీ వాళ్లది. చెలక, అంటే మెట్ట పొలం, మాత్రం మనదే.

మాది జనగామ వైపు పల్లె. నాకు పదేళ్లప్పుడు మా ఇంట్లో నా ఉద్యోగం పిట్టలను తోలడం. జొన్న పాలు పోసుకునే రోజుల్లో పొద్దున్నే మంచె ఎక్కి వడిసెల తిప్పేవాణ్ణి. పిచ్చుకలు, గిజిగాళ్లు, చిలుకలు. ఒకవైపు తోలితే ఇంకోవైపు దిగేవి. గొంతు పోయేదాకా అరిచినా, సాయంత్రం బాపు వచ్చి ఖాళీ కంకులు చూసి నన్నే తిట్టేవాడు. ఆ పిట్టల కోసం ఇప్పుడు నేనే ఇంత పెద్ద జవాబు రాస్తానని అప్పుడెవరైనా చెప్పుంటే వడిసెల రాయి వాళ్ల మీదికే విసిరేవాణ్ణి.

2019 దసరాకు ఊరెళ్లాం. మా బిడ్డకు ఏడేళ్లు. బళ్లో పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అని చెప్పారట, చూడాల్సిందే అని పట్టు పట్టింది. దసరానాడు జమ్మిచెట్టు దగ్గరికి పోయే ముందు పాలపిట్టను చూడటం మాకు ఎలాగూ ఆనవాయితీ. చిన్నప్పుడు దానికోసం వెతకడం అంటూ ఉండేది కాదు. ఊరు దాటగానే ఏదో ఒక తీగ మీద, తాటి మట్ట మీద ఉండేది. కూర్చున్నప్పుడు మట్టిరంగే ఎక్కువ, పెద్ద అందగత్తేం కాదు. మిడత కోసం కిందికి దూకినప్పుడు రెక్క విప్పుతుంది చూడండి, ఆ నీలం! అందరం చెయ్యెత్తి దండం పెట్టేవాళ్లం.

ఆరోజు బాపు, నేను, బిడ్డ మూడింటికి బయల్దేరాం. మా చెలక దాటాం, చెరువు కట్ట ఎక్కాం, పక్క ఊరి పొలిమేర దాకా పోయాం. కాకులున్నాయి, కొంగలున్నాయి. తీగ మీద నల్లగా ఒకటి కనిపిస్తే ఆశపడ్డాం, అది ఏట్రింత. "తాతా, ఇంకెంత దూరం?" అని బిడ్డ అడిగినప్పుడల్లా బాపు "అగో, ఆ మలుపు కాడ ఉంటది" అనేవాడు. నాలుగు మలుపులు అయ్యాయి. ఇంతలో చీకటి పడేలా ఉందని వెనక్కి తిరిగాం.

బస్టాండు దగ్గర జనం గుమిగూడారు. ఒకతను గుడ్డ కప్పిన పంజరం పట్టుకుని ఉన్నాడు. ఇరవై రూపాయలిస్తే గుడ్డ ఎత్తుతాడు. లోపల పాలపిట్ట. రెక్కలు ఎగరకుండా ఏదో జిగురు పూసినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. మా బిడ్డ చూసి "ఇది నీలంగా లేదు కదా?" అంది. నాకు ఒళ్లు మండింది. 1972 చట్టం ప్రకారం ఇది నేరమని, పోలీసులకు చెప్తానని అరిచాను. బాపు మాత్రం ఇరవై రూపాయలు తీసి ఇచ్చి, వంగి దండం పెట్టుకున్నాడు. దారిలో నేను గొణుగుతుంటే ఒక్క మాటన్నాడు: "వాన్ని తిడితే ఏమొస్తది? మన చెల్కల ఉంటే వాని కాడికి ఎందుకు పోతం?"

నా జవాబు అదే, మిగతాది వివరం. మా ఏడెకరాల్లో జొన్న, పెసర, సజ్జ, కంది ఉండేవి. ఇప్పుడు మొత్తం పత్తి. పత్తిలో పిచ్చుకకు గింజ లేదు. పురుగు కనబడకముందే మందు కొడతాం కాబట్టి పాలపిట్టకు పురుగూ లేదు. బోరు పడ్డ చోట వరి వేసి పురుగుమందు గుళికలు చల్లుతాం. గింజ అనుకుని పిట్ట వాటిని తిన్నా పోతుంది, ఆ మందు తగిలిన పురుగును తిన్నా పోతుంది. ఆ గుళికలు చల్లిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఇక గూడు. పాలపిట్ట తనంతట తాను తొర్ర తొలుచుకోలేదు. ఎండిన తాటి మోడులో, ముసలి చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయింది ఆ తాటిచెట్లే. మిగిలినవి వెంచర్ల వాళ్లు పీకేసి గేటు దగ్గర ఖర్జూరం చెట్లు పాతారు.

2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో 942 జాతులను పరిశీలించారు. పాలపిట్ట వేగంగా తగ్గుతోందని, దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలని అందులో ఉంది. నెమళ్లు మాత్రం పెరిగాయి, అది మా రైతులు నివేదిక చదవకుండానే చెప్తారు. విత్తనం పెట్టిన సాయంత్రమే వచ్చి ఏరుకుపోతున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పనివ్వండి. మార్చి 20, పిచ్చుకల దినోత్సవం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పిట్టలకు నీళ్లు పెట్టిన మట్టి మూకుళ్ల ఫోటోలు. ఏప్రిల్లో ఆ మూకుళ్లలో దోమలు. బాల్కనీలకు వల కట్టించుకున్నది కూడా వీళ్లే. పూర్వం మా ఇంట్లో కోతలవగానే వరి కంకులు కుచ్చుగా అల్లి వసారాలో వేలాడదీసేవాళ్లు, ఫోటో తీసేవాడు లేడు. ఇప్పుడు కోత మిషన్ వచ్చి గంటలో పని ముగిస్తే, కుచ్చు అల్లడానికి కంకి ఎక్కడ మిగులుతుంది?

ఆ దసరా తర్వాత బాపు ఒక పని చేశాడు. మా గట్టు మీద పిడుగు పడి తల పోయిన తాడి ఒకటుంది. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని పక్క చెలక ఆయన కొట్టేయమంటే బాపు ఒప్పుకోలేదు. అదింకా అలాగే ఉంది. పోయిన వేసవిలో దాని తొర్రలో ఏదో కదులుతోందని ఫోన్ చేశాడు, ఆ శనివారమే పరుగెత్తాను. గోరింకలు.