ఎన్నో పదం దగ్గరున్నావు? మేనకోడలికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రికర్షన్ లెక్క (వరసలో ఒక సంఖ్య నుంచి దాని తర్వాతి సంఖ్యని కట్టేది; ఆ సంఖ్యల్నే పదాలంటారు) కనపడితే చాలు పేజీ తిప్పేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందులో కొత్త బీజగణితం ఏమీ లేదే తల్లీ, అంతా నీకొచ్చిన కూడికలూ గుణకారాలే. ఎన్నో పదం దగ్గరున్నామో మర్చిపోతాం, తప్పులన్నీ అక్కణ్ణించే వస్తాయి. మీ పుస్తకంలో ‘ఎ’ కింద చిన్న ‘ఎన్’ వేసి రాస్తారు చూడు, దాన్నే ఇక్కడ ప(న) అని రాస్తున్నాను. ప(3) అంటే మూడో పదం.

లెక్కలో రెండే ఇస్తారు: మొదటి విలువ, ముందు పదం నుంచి తర్వాతి పదం తెచ్చే సూత్రం. ప(1) = 5, ప(న) = 3ప(న−1) − 4 అనుకో. ప(5) కావాలి. చిత్తు కాగితం మీద మూడు నిలువు గళ్లు గియ్యి. మొదటి గడిలో న, రెండో గడిలో ముందు పదం విలువ, మూడో గడిలో లెక్కా జవాబూ. న = 2 దగ్గర ముందు పదం 5, జవాబు 3×5 − 4 = 11. ఆ 11 కింది వరుసలో రెండో గడిలోకి దిగుతుంది. అలా 29, 83, 245. మొదలు ప(1) కాబట్టి నాలుగు అంగలు పడ్డాయి. అదే ప(0) ఇచ్చి ఉంటే ఐదు పడేవి. సగం మంది ఇక్కడే ఒక పదం ముందో వెనకో ఆగిపోతారు.

ప(న−1) అంటే ముందు పదం. ప(న) − 1 అంటే ఇప్పటి పదంలోంచి ఒకటి తీసెయ్యడం. హడావుడిలో ఈ రెండూ ఒకేలా కనపడతాయి, బ్రాకెట్ ఎక్కడ మూశారో చూసుకో.

సూత్రంలో న కూడా విడిగా ఉంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ప(1) = 1, ప(న) = 2ప(న−1) + న అన్నప్పుడు 4, 11, 26 వస్తాయి. దాన్నే కొంచెం మార్చి ప(న+1) = 2ప(న) + న అని ఇస్తే వచ్చేవి 3, 8, 19. మొదటిదాంట్లో రెండో పదానికి 2 కలుపుతాం, రెండోదాంట్లో 1 కలుపుతాం. ఎడమవైపు ఏముందో చూడకుండా పెన్ను పెట్టకు.

రుణసంఖ్యలుంటే బ్రాకెట్ తప్పనిసరి. ప(1) = −2, ప(న) = 4 − 3ప(న−1) అయితే 4 − 3(−2) = 10, తర్వాత −26, ఆ తర్వాత 82. బ్రాకెట్ లేకుండా 4 − 3 − 2 అని రాసినవాళ్లకి మొదటి అంగలోనే −1 వస్తుంది, ఇక ఆ పైన ఏం చేసినా లాభం లేదు.

ప్రమేయాలదీ (ఫంక్షన్లదీ) ఇదే పద్ధతి. ఫ(0) = 2, ఫ(న) = న×ఫ(న−1) + 1 ఇచ్చి ఫ(4) అడిగారనుకో. ఫ(4)కి ఫ(3) కావాలి, దానికి ఫ(2), అలా ఫ(0) దాకా దిగి, అక్కణ్ణించి పైకి రా: 3, 7, 22, 89. అసలు మొదటి విలువ దగ్గరికి చేరతామా లేదా అన్నది ముందే చూసుకోవాలి. ఫ(1) = 1, ఫ(న) = ఫ(న−2) + 5 అయితే ఫ(7) = 16. ఫ(8) మాత్రం ఈ సమాచారంతో చెప్పలేం. 6, 4, 2, 0 అంటూ పోతామే గానీ 1 తగలదు. ‘నిర్ణయించలేం’ అన్నదే అక్కడ సరైన జవాబు.

రెండు పదాలు వెనక్కి చూసే సూత్రానికి మొదటి విలువలు కూడా రెండుండాలి. తెలుగు క్లాసులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలని చదివావుగా? న మాత్రల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చో చూడు. చివర లఘువుంటే ముందు న−1 మాత్రలు మిగులుతాయి, గురువుంటే న−2. అంటే ఫ(న) = ఫ(న−1) + ఫ(న−2). ఫ(1) = 1, ఫ(2) = 2 కాబట్టి తర్వాత 3, 5, 8. నమ్మకం లేకపోతే నాలుగు మాత్రలకి ఐదు రకాలూ రాసి చూసుకో. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ 1202లో పుస్తకం రాయకముందే మన పండితులు విరహాంకుడూ హేమచంద్రుడూ ఛందస్సులో చేసిన లెక్క ఇది. ఇలాంటివి పైనుంచి కిందికి దిగుతూ చెయ్యకు. ఫ(5)కే ఫ(3)ని రెండుసార్లు కట్టాలి, ఫ(20) అయితే కాగితాలు చాలవు. కింద నుంచి పైకే రా.

ఇక మన ఊళ్ల లెక్క ఒకటి చేద్దాం. రొయ్యల చెరువు మేత కోసం నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, నెలాఖరున 1,000 కడుతున్నారనుకో. బాకీ సూత్రం: మ(న) = 1.02 మ(న−1) − 1000. మ(0) = 40,000 అయితే 39,800, 39,596, 39,387.92 అని తగ్గుతుంది. 60,000 అయితే 60,200, 60,404, 60,612.08 అని పెరుగుతుంది, నెలనెలా కడుతున్నా సరే! మారని బాకీ ఎంతో తెలియాలంటే రెండువైపులా ఒకే మ పెట్టు. మ = 1.02మ − 1000 నుంచి 0.02మ = 1000, మ = 50,000. అంత అప్పుంటే కట్టింది మొత్తం వడ్డీకే పోతుంది. సూత్రం చూడగానే ఈ విలువ కట్టే అలవాటు చేసుకో. పదాలు ఎటు పోతాయో ముందే తెలుస్తుంది, తప్పు చేస్తే వెంటనే పట్టుబడుతుంది. పైన మొదటి లెక్కలో ఆ విలువ 2. 5 నుంచి బయల్దేరాం కాబట్టి 2 నుంచి దూరం 3, 9, 27 అని మూడేసి రెట్లవుతుంది. అందుకే ప(న) అంటే 3ని న సార్లు వేసి గుణించి, 2 కలపడం. సూత్రం ఇలా దొరికాక కూడా ప(4) దగ్గర 83 వస్తుందో లేదో సరిచూడు.

పైసల్ని మధ్యలో సవరించకు, ఆఖర్న ఒక్కసారే సవరించు. ఇంట్లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే 60000 కొట్టి ‘=’ నొక్కు. తర్వాత ‘ఆన్స్’ (వెనకటి జవాబుని తెచ్చే మీట) × 1.02 − 1000 కొట్టి ‘=’ నొక్కుతూ పో, నొక్కినప్పుడల్లా ఒక నెల గడుస్తుంది. 60000 తర్వాత నొక్కిన మొదటి ‘=’ని మాత్రం లెక్కపెట్టకు, అది సున్నా నెల.

ఇట్లు,
మామయ్య