పెట్టె లోపలి ముఖం చెప్పేదే నమ్ము

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఈ-కోట్ (కరెంటుతో లోహం మీద పెయింటు పట్టించే పద్ధతి) సిమ్యులేషన్‌ను ల్యాబ్ ప్యానెళ్లతో, అంటే పెయింటు పట్టించి చూసే లోహపు రేకులతో, సరిచూసే పని నీకిచ్చారని రాశావు. ముందే ఒక మాట చెప్తాను. లెక్కలో పెయింటు మందం 20 మైక్రాన్లు వచ్చి, ప్యానెల్ బయటివైపూ అంతే వచ్చిందని సంబరపడకు. ఈ పెయింటు పడేకొద్దీ కరెంటుకు తనే అడ్డుగోడ అవుతుంది. అందుకే మోడల్ తప్పయినా మూడు నిమిషాల చివర బయటి ముఖం అంకె దాదాపు కుదిరిపోతుంది. తప్పు పట్టుబడేది మొదటి 30 సెకన్ల కరెంటులో, ప్యానెళ్లను వరసగా నిలిపి కట్టే పెట్టె లోపలి ముఖాల మీద.

మొదట బాత్, అంటే ప్యానెల్ ముంచే పెయింటు ద్రవం, సంగతి. ఫ్యాక్టరీ లైన్ ట్యాంకులోని పెయింటే తెచ్చి, డబ్బా అడుగున పేరుకున్నది పూర్తిగా కలిసేదాకా తిప్పించు. వాహకత (బాత్ కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో) దగ్గర చాలామంది బోల్తా పడతారు. చాలా మీటర్లు అంకెను 25 డిగ్రీలకు సర్ది చూపిస్తాయి. బాత్ 30 దగ్గరుంటే, డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున 10 శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది. ఆ సర్దుబాటు ఆపేసి బాత్ వేడిలోనే కొలువు. సెంటీమీటరుకు 1400 మైక్రోసీమెన్స్ అంటే మీటరుకు 0.14 సీమెన్స్, సున్నాలు చూసుకో.

మోడల్‌కు కావలసిన విలువలు బల్లపరుపు ప్యానెళ్ల నుంచి తియ్యి. 200, 250, 300 వోల్టుల దగ్గర 15, 30, 60, 120, 180 సెకన్లు, ప్రతిసారీ కొత్త ప్యానెల్, వెనకవైపు టేపు. కరెంటును సెకనుకు పదిసార్లు రికార్డు చెయ్యి. వోల్టేజీని రెక్టిఫయర్ (డీసీ కరెంటు ఇచ్చే యంత్రం) డయల్ మీద కాదు, ప్యానెల్ క్లిప్పు దగ్గర కొలువు. మొదటి క్షణాల్లో రెక్టిఫయర్ తన కరెంటు పరిమితిని తాకి వోల్టేజీ కుంగుతుంది. కొలిచిన ఆ వక్రరేఖనే సిమ్యులేషన్‌కు ఇవ్వాలి.

కరెంటు ఆపగానే ప్యానెల్ తీసి కడుగు. ఆలస్యమైతే తడి పొర కొంత తిరిగి కరిగిపోతుంది. ఓవెన్‌లో కాల్చాక తూచి, పెరిగిన బరువును కూలంబులతో, అంటే పారిన మొత్తం విద్యుదావేశంతో, భాగించు. చదరపు మీటరుకు 20 మైక్రాన్లు, సాంద్రత 1.3 అనుకుంటే 26 గ్రాములు. కూలంబుకు 30 మిల్లీగ్రాములు పడే పెయింటయితే దాదాపు 870 కూలంబులు కావాలి. నీ లెక్క దీనికి దరిదాపుల్లో లేకపోతే ముందుకు కదలకు.

ఇక అసలు పరీక్ష, నాలుగు ప్యానెళ్ల పెట్టె. 70×150 మి.మీ. ప్యానెళ్లు, మధ్య 20 మి.మీ. ఎడం, మొదటి మూడింటికి 8 మి.మీ. రంధ్రం, నాలుగోదానికి లేదు. యానోడ్‌ను (ప్యానెల్‌కు ఎదురుగా ఉండే ధన ధ్రువాన్ని) చూసే ముఖం ఏ, నాలుగో ప్యానెల్ లోపలి ముఖం జీ. పక్కలూ అడుగూ టేపుతో బిగించు. సన్నని సందున్నా జీ అంకె చెడిపోతుంది. రంధ్రాల్లో గాలి బుడగ ఇరుక్కోకుండా పెట్టెను ఏటవాలుగా దించు. ప్యానెళ్లు జింకు పూత ఉన్నవైతే అయస్కాంత గేజీ ఆ జింకునూ కలిపి చూపిస్తుంది, కాబట్టి పెయింటు పడని అదే లాటు ప్యానెల్ మీద సున్నా పెట్టుకో. మోడల్‌లో రంధ్రానికి అడ్డంగా కనీసం పది ఎలిమెంట్లు (లెక్క కోసం ఆకారాన్ని కోసిన చిన్న ముక్కలు) ఉండాలి. మెష్‌ను, అంటే ఆ ముక్కల అల్లికను, సగం సైజుకు చేస్తే జీ కదిలిందంటే మెష్ ఇంకా చాలలేదు.

బల్లపరుపు ప్యానెళ్లతో తేలిన విలువలను ఇక్కడ ముట్టుకోవద్దు. పెట్టె అంకెలు కుదరాలని వాటిని తిప్పితే అది సరిచూడటం కాదు, అతకడం.

కుదరకపోతే ఎక్కడ వెతకాలంటావా? కరెంటు శిఖరమే తప్పుగా వస్తే వాహకత, యానోడ్ దూరం, క్లిప్పు. శిఖరం సరిపోయి, దిగే వేగం తప్పితే పొర నిరోధం. కరెంటంతా సరిపోయి మందం మాత్రం తప్పితే కూలంబు దిగుబడి, సాంద్రత, లేదా కాల్చినప్పటి నష్టం. ప్యానెల్ మీద జీ ఖాళీగా ఉండి సిమ్యులేషన్‌లో పలచని పొర కనిపిస్తే, పెయింటు పడటం మొదలవడానికి కావలసిన కనీస కరెంటు సాంద్రతను మోడల్‌లో పెట్టలేదన్నమాట. ఎక్కువసార్లు దొరికేది ఇదే.

వోల్టేజీ మరీ పెంచితే ప్యానెల్ దగ్గర పుట్టే హైడ్రోజన్ వాయువు పొరను చీల్చుకుని సూదిపొడుపులు వస్తాయి. మోడల్‌కు అది తెలియదు. ఆ ప్యానెళ్లను పోలికలో కలపకు.

ట్యాంకు మోడల్‌కు వెళ్లేటప్పుడు ఇంకొక్కటి. ల్యాబ్‌లోది ఉత్త స్టెయిన్‌లెస్ రేకు, లైన్‌లో యానోడ్ మెంబ్రేన్ సెల్ (పలచని పొరతో వేరుచేసిన గది) లోపల ఉంటుంది. ఆ మెంబ్రేన్ నిరోధాన్ని విడిగా కొలిచి కలుపు. మొదటి పెట్టె కరెంటు వక్రరేఖ రాగానే నాకు పంపు.

మీ మావయ్య