క్యాబ్ ప్రమాదంలో గాయపడితే పరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 66 ఏళ్లు. సందర్శకుల వీసా మీద కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా దగ్గరకు వచ్చారు. 2026 మార్చిలో ఆమెను పళ్ల డాక్టరు దగ్గరకు పంపడానికి నా ఫోన్‌లోని యాప్ నుంచి కారు బుక్ చేశాను. ఒక కూడలి దగ్గర రెడ్ లైటు పడినా ఆగకుండా వచ్చిన మరో కారు, అమ్మ కూర్చున్న వైపు తలుపును గుద్దింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆ సమయంలో మేము ఎక్కించిన కారు డ్రైవరు స్టాండులో పెట్టిన ఫోన్ మీద ఏదో నొక్కుతున్నాడని అమ్మ అంటున్నారు గానీ, కంగారులో పోలీసులకు ఆ మాట చెప్పలేదు. గుద్దిన కారు తాలూకు ఇన్సూరెన్స్ వారు పదేపదే ఫోన్ చేసి, జరిగింది చెబితే రికార్డు చేసుకుంటామని, ఒక పత్రం మీద సంతకం పెడితే వెంటనే 12,000 డాలర్లు ఇస్తామని అంటున్నారు. అమ్మకు ఎముకలు గుల్లబారే జబ్బు ముందునుంచీ ఉంది కాబట్టి ఇంతకు మించి రాదని కూడా చెప్పారు. అమ్మ జూలైలో తిరిగి వెళ్లాలి. "పరాయి దేశంలో మనకు ఈ గొడవలెందుకు, ఇచ్చింది తీసుకో" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ముందుగా ఒక్క మాట: ఆ పత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టించకండి. అమ్మగారి విమానం తేదీకి, పరిహారం కోరే గడువుకు ఏ సంబంధమూ లేదు. కాలిఫోర్నియాలో శారీరక గాయాలకు దావా వేయడానికి సాధారణంగా ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ప్రమాదంలో ప్రభుత్వ వాహనం ప్రమేయం ఉన్నా, రోడ్డు లోపం వంటి ప్రభుత్వ సంస్థ తప్పిదం ఉన్నా మాత్రం ఆ సంస్థకు ఆరు నెలల్లోపే లిఖితపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి. మీరు రాసిన దాన్ని బట్టి మీ విషయంలో ఆ అవసరం కనిపించడం లేదు. ఇక పరాయి దేశమన్న అమ్మగారి సంకోచం. గాయపడిన మనిషి పౌరులా, సందర్శకులా అన్న దాన్ని బట్టి ఇక్కడ పరిహారపు హక్కు మారదు. గాయాల దావాలో బాధితుల ఇమిగ్రేషన్ స్థితిని సాక్ష్యంగా తీసుకోవడాన్ని, దాని గురించి ఆరా తీయడాన్ని కూడా కాలిఫోర్నియా సాక్ష్య చట్టం నిషేధించింది. ఈ సంగతి ఆమెకు నిదానంగా చెప్పండి. ఇది ఆమె ఎవరినో చేయి చాచి అడగడం కాదు. డ్రైవర్లు ప్రీమియం కట్టి ఇన్సూరెన్స్ తీసుకునేది ఇలాంటి రోజు కోసమే.

వారు పంపిన పత్రాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. ఇలాంటి రిలీజ్ పత్రాలలో, అంటే ఇక ఏ పరిహారమూ అడగమని రాసిచ్చే పత్రాలలో, చాలావరకు సివిల్ కోడ్ 1542వ సెక్షన్ ప్రస్తావన ఉంటుంది. సంతకం పెట్టే నాటికి తమకు తెలియని నష్టాలకు సంబంధించిన హక్కు సాధారణ రిలీజ్ వల్ల పోదని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే పత్రంలో దాని కిందనే, ఆ రక్షణను మేము వదులుకుంటున్నామని బాధితులే ఒప్పుకునే వాక్యం మరొకటి ఉంటుంది. అంటే రేపు అమ్మగారి వేళ్లు తిమ్మిరెక్కినా, ప్లేటు తీయడానికి మరో ఆపరేషన్ కావలసి వచ్చినా, ఆ ఖర్చు అడిగే దారి ఆ ఒక్క వాక్యంతో మూసుకుపోతుంది. మణికట్టు విరిగి ప్లేటు వేసినప్పుడు పట్టు ఎంతవరకు తిరిగి వస్తుందో మొదటి వారాల్లో డాక్టరే చెప్పలేరు. చికిత్స ఒక కొలిక్కి వచ్చి, ఇక ఇంతకు మించి మెరుగుదల ఉండదని డాక్టరు రాసి ఇచ్చేదాకా గాయం విలువ ఎవరూ కట్టలేరు. ఇన్సూరెన్స్ వారి తొందరకు కారణం కూడా అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డబ్బు ఎక్కడి నుంచి రావాలి? గుద్దిన కారుకు కనీస ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే, 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఆ కనీసం ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు. ఆపరేషన్ జరిగిన కేసులో ఆసుపత్రి బిల్లే దీన్ని దాటిపోవచ్చు. అలా చాలనప్పుడు, మీరు ఎక్కించిన యాప్ కారుకు ఉండే మరో కవరేజీ, అంటే తప్పు చేసినవారికి ఇన్సూరెన్స్ లేకపోయినా, సరిపోకపోయినా ప్రయాణికుల కోసం వర్తించేది, ఆదుకోవాలి. ఇంతకుముందు ఇది పది లక్షల డాలర్ల వరకు ఉండేది. 2026 జనవరి 1 నుంచి కొత్త చట్టం దీన్ని ఒక మనిషికి 60,000, ఒక ప్రమాదానికి 3,00,000 డాలర్ల కనీసానికి తగ్గించింది. అంతేకాక, అవతలి కారు ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన సొమ్మును సాధారణంగా ఇందులోంచి మినహాయిస్తారు. అటు 30,000 వస్తే ఇటు మిగిలేది మరో 30,000 మాత్రమే. పాత సలహాలు చదివి పది లక్షలు ఎలాగూ ఉన్నాయన్న ధీమాతో ఉండకండి.

అందుకే అమ్మగారు చెప్పిన ఫోన్ సంగతి నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తోంది. యాప్ డ్రైవరు ప్రయాణానికి ఒప్పుకున్న క్షణం నుంచి ప్రయాణికులు దిగేవరకు, అతని తప్పు వల్ల కలిగే నష్టానికి పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ ఉండాలన్న నియమం ఇప్పటికీ మారలేదు. రెడ్ లైటు దాటిన కారుదే ప్రధాన తప్పు కావచ్చు. కానీ రోడ్డు చూడవలసిన డ్రైవరు ఫోన్ చూస్తూ, బ్రేకు వేయగలిగిన చోట వేయలేదని తేలితే అతనికీ ఎంతో కొంత భాగం పడుతుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం వైద్య ఖర్చుల వంటి ఆర్థిక నష్టమంతటినీ, తప్పులో భాగమున్న ఎవరి నుంచైనా పూర్తిగా రాబట్టుకోవచ్చు. అంటే యాప్ డ్రైవరు తప్పు పది శాతమే అని తేలినా, ఆసుపత్రి ఖర్చు మొత్తం అతని ఇన్సూరెన్స్ నుంచి కోరవచ్చు. నొప్పి, బాధ వంటి వాటికి మాత్రం అతను తన పది శాతమే ఇస్తాడు. డ్రైవరు మంచివాడు, అతనికి ఇబ్బంది ఎందుకని అమ్మగారు అనుకుంటే, ఈ సొమ్ము చెల్లించేది ఇన్సూరెన్స్ కంపెనీ అని చెప్పండి.

అయితే ఇది నిలబడాలంటే ఆధారం కావాలి. అమ్మగారు చూసింది చూసినట్టు, ఆమె మాటల్లోనే, తెలుగులోనే రాయించి తేదీ వేసి సంతకం పెట్టించండి. ఆంగ్ల అనువాదం తర్వాత చేయించవచ్చు. పోలీసు రిపోర్టు కాపీ పొందే హక్కు ప్రయాణికురాలిగా ఆమెకు ఉంది. అది తెప్పించి, లోపించిన విషయాన్ని జోడించమని రాతపూర్వకంగా కోరండి. డ్రైవరు ఫోన్‌లో ఆ నిమిషం ఏ బటన్ నొక్కారో, ఏ కొత్త ప్రయాణం తెరపైకి వచ్చిందో యాప్ కంపెనీ రికార్డులలో ఉండే అవకాశం ఉంది. వాటిని, కారులో డాష్ కెమెరా ఉంటే ఆ వీడియోను తుడిచివేయకుండా భద్రపరచాలని లాయరు ద్వారా లేఖ పంపాలి. కూడలి చుట్టుపక్కల కెమెరాల వీడియోలపై కొత్త వీడియో రికార్డవుతూ పాతది చెరిగిపోతుంది కనుక ఇది వాయిదా వేయదగిన పని కాదు. మీ యాప్‌లోని ప్రయాణపు రసీదు, మార్గం కనిపించే తెర ఫొటోలు ఈ రోజే తీసి పెట్టుకోండి. బుక్ చేసింది మీ ఖాతా నుంచి అయినా, ఎక్కింది అమ్మగారేనన్నది ప్రమాదం గురించి కంపెనీకి యాప్ ద్వారా ఇచ్చే సమాచారంలో స్పష్టంగా ఉండాలి.

రికార్డు చేసే వాంగ్మూలం గురించి. ఎదుటి కారు ఇన్సూరెన్స్ కంపెనీకి అలాంటి వాంగ్మూలం ఇచ్చే బాధ్యత అమ్మగారికి లేదు. మర్యాదకు "ఇప్పుడు బాగానే ఉన్నానమ్మా" అని అనడం మన పెద్దవాళ్లకు అలవాటు. అనువాదంలో అదే మాట గాయం లేదన్న ఒప్పుకోలుగా ఫైలులోకి వెళ్తుంది. ఇకపై ఏదైనా రాతపూర్వకంగా అడగమని చెప్పి ఫోన్ పెట్టేయవచ్చు. యాప్ కారు కవరేజీ కింద మీరే క్లెయిమ్ వేసినప్పుడు మాత్రం ఆ కంపెనీ విచారణకు సహకరించవలసి ఉంటుంది, అప్పుడు లాయరు పక్కన ఉండాలి.

ఎముకల జబ్బు ఉంది కాబట్టి తక్కువ ఇస్తామన్న మాట సరైనది కాదు. ఆరోగ్యంగా ఉన్నవారికి విరగని ఎముక ఈమెకు విరిగినా, ప్రమాదం వల్ల కలిగిన నష్టానికి బాధ్యత తప్పు చేసినవారిదే అన్నది ఇక్కడి న్యాయస్థానాలు పాటించే సూత్రం. ముందునుంచీ ఉన్న జబ్బుకు మాత్రం పరిహారం రాదు, ప్రమాదం వల్ల పెరిగిన భాగానికి వస్తుంది. ఈ తేడా చూపడానికి స్వదేశంలో తీయించిన పాత ఎముకల సాంద్రత పరీక్ష రిపోర్టులు, మందుల చీటీలు తెప్పించండి. వాటిని దాచితే కేసు బలహీనపడుతుంది. ప్రమాదానికి ముందు ఆ చేయి ఎలా పనిచేసిందో కూడా వాటి పక్కనే రాసి పెట్టాలి.

ఏమేమి అడగవచ్చంటే, ఇప్పటిదాకా అయిన వైద్య ఖర్చుతో పాటు, ఆమె తిరిగి వెళ్లాక అక్కడ చేయించుకోవలసిన ఫిజియోథెరపీ ఖర్చు కూడా డాక్టరు అవసరమని రాస్తే లెక్కలోకి వస్తుంది. ఉద్యోగం లేదు కాబట్టి ఆదాయ నష్టం లేదని సరిపెట్టుకోవద్దు. ఇంటి పని చేయగలిగే శక్తి పోవడం కూడా ఈ రాష్ట్రంలో పరిహారానికి అర్హమైన ఆర్థిక నష్టమే. కుడి చేత్తో జడ వేసుకోలేకపోవడం, గిన్నె ఎత్తలేకపోవడం, రాత్రి నొప్పికి లేవడం వంటివి చిన్న పుస్తకంలో రోజువారీగా రాయించండి. అలా రోజూ రాసిన పుస్తకం, నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పే మాట కంటే నమ్మదగినదిగా ఉంటుంది. శారీరక గాయానికి వచ్చే పరిహారం మీద అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్ను సాధారణంగా ఉండదు. వడ్డీకి, శిక్షార్థంగా విధించే సొమ్ముకు మాత్రం ఉంటుంది.

అమ్మగారికి సందర్శకుల ఇన్సూరెన్స్ తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకుని ఉంటే దానికి వెంటనే తెలియజేయండి. అయితే ఒక్కో సేవకు ఇంత అని పరిమితి ఉన్న పాలసీలు ఆపరేషన్ బిల్లులో కొద్ది భాగమే ఇస్తాయి. పైగా ఆ కంపెనీ తాను చెల్లించిన సొమ్మును మీకు వచ్చే పరిహారంలోంచి తిరిగి కోరే హక్కును పాలసీలో రాసుకుని ఉండవచ్చు. ఆసుపత్రి కూడా అదే విధంగా పరిహారం మీద తన హక్కును నమోదు చేసుకోవచ్చు. ఇవన్నీ పోగా చేతికి వచ్చేదెంతో చూసుకోకుండా ఏ మొత్తానికీ సరేననవద్దు. మీ సొంత కారు పాలసీలో వైద్య ఖర్చుల కవరేజీ ఉంటే, ఇంట్లో ఉంటున్న బంధువులకు అది వర్తిస్తుందేమో కూడా అడగండి.

ఈ కేసుకు లాయరు అవసరమని నా అభిప్రాయం. గాయాల కేసుల్లో లాయర్లు ముందు డబ్బు తీసుకోకుండా, వచ్చిన పరిహారంలో మూడో వంతు లేదా కొంచెం ఎక్కువ తీసుకోవడం మామూలు. ఆ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, శాతం చట్టం నిర్ణయించినది కాదనీ, బేరం చేసుకోదగినదనీ అందులో రాయాలి, ఒక కాపీ మీకు ఇవ్వాలి. ఖర్చులు మినహాయించాక శాతం లెక్కిస్తారా, ముందే లెక్కిస్తారా అన్నది తప్పక అడగండి. ఆసుపత్రి వరండాలో కార్డు పెట్టి కేసు మాకు ఇవ్వండని అడిగేవారిని దూరం పెట్టండి. కమిషన్‌కు కేసులు పట్టుకొచ్చే పని కాలిఫోర్నియాలో నేరం.

విమానం ఎక్కేలోపు అమ్మగారితో చేయించవలసింది ఇది: లాయరు ఒప్పందం మీద ఆమె సంతకం, వైద్య రికార్డులు మీకు ఇవ్వడానికి ఆమె అనుమతి పత్రాలు, చివరి ఎక్స్‌రేతో సహా ఇక్కడి సర్జన్ రాసిన నివేదిక. కేసు ఆమెది, కూతురైనా మీరు ఆమె తరఫున సెటిల్‌మెంట్‌కు ఒప్పుకోలేరు, ఆ నిర్ణయం ఆమే తీసుకోవాలి. ఇంటికి వెళ్లాక చికిత్సలో పెద్ద విరామం రాకుండా చూడండి. నెలల తరబడి డాక్టరు దగ్గరకు వెళ్లకపోతే, గాయం నయమైపోయిందని అవతలివారు వాదిస్తారు.

ప్రశ్న: టెక్సస్‌లో నా కారును ఒక యాప్ క్యాబ్ గుద్దింది. అద్దం మీద కంపెనీ గుర్తు ఉంది, కానీ ఆ సమయంలో యాప్ ఆపేశానని డ్రైవరు అంటున్నాడు. నాకు మెడ నొప్పి తగ్గడం లేదు.
— ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: అతని మాటను అలాగే నమ్మనక్కరలేదు. యాప్ నిజంగా ఆపి ఉంటే అతని సొంత ఇన్సూరెన్సే దిక్కు. ఆన్‌లో ఉండి ప్రయాణం కోసం ఎదురు చూస్తుంటే టెక్సస్ చట్టం ప్రకారం ఒక మనిషి గాయానికి 50,000, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ కలిపి 1,00,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్ల కవరేజీ ఉండాలి. ప్రయాణానికి ఒప్పుకున్నాక అది పది లక్షలు అవుతుంది. సొంత పాలసీలు సాధారణంగా అద్దెకు తిప్పే సమయాన్ని మినహాయిస్తాయి కాబట్టి, అబద్ధం చెప్పడం అతనికీ నష్టమే. డ్రైవరు ఎప్పుడు లాగిన్ అయ్యాడు, ఎప్పుడు లాగ్ అవుట్ అయ్యాడన్న సమయాలను క్లెయిమ్ విచారణలో యాప్ కంపెనీ ఇవ్వాలి. డ్రైవరు సొంత ఇన్సూరెన్స్ కంపెనీకి, యాప్ కారు కవరేజీ ఇచ్చే ఇన్సూరెన్స్ కంపెనీకి, రెండింటికీ క్లెయిమ్ పంపి, ఆ సమయాలు తెప్పించమని రాతపూర్వకంగా కోరండి. టెక్సస్‌లో కూడా దావా గడువు రెండేళ్లే, అయితే తప్పులో మీ భాగం 50 శాతం దాటితే ఏమీ రాదు. మీ సొంత పాలసీలో గాయాల రక్షణ కవరేజీని మీరు రాతపూర్వకంగా వద్దనకుండా ఉంటే, తప్పు ఎవరిదైనా కనీసం 2,500 డాలర్ల వరకు అది వైద్య ఖర్చుకు ఉపయోగపడుతుంది. మెడ నొప్పికి ఇంకా డాక్టరును చూడకపోతే, క్లెయిమ్ కాగితాల కంటే ముందు ఆ పని చేయండి.